జర్మనీ గ్రీన్స్, వారి నాలుగు మూలసూత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పారిశ్రామిక పాశ్చాత్య సమాజాన్ని వేళ్లతో సహా మార్చాలని బయలుదేరిన ఉద్యమాల్లో, తన సూత్రాలను రాసిపెట్టుకుని, వాటితోనే ఎన్నికలకు వెళ్లి, చివరకు మంత్రివర్గం దాకా చేరినవి చాలా తక్కువ. పశ్చిమ జర్మనీలో 1980లో పుట్టిన గ్రీన్స్ పార్టీ అలాంటి ఒక ఉదాహరణ. దీని గురించి మాట్లాడినప్పుడల్లా అవే సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నందున వాటిని ఒకచోట చేర్చాను. ప్రశ్నలను దశలవారీగా పెట్టాను గానీ, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. గ్రీన్స్ సూత్రాల సంగతి వారి నినాదాల్లో కంటే, పదవులు, జీతాలు, జాబితాల గురించి వారు రాసుకున్న చిన్న చిన్న నిబంధనల్లోనే బాగా తెలుస్తుందని నా నమ్మకం. అందువల్ల వాటి మీద ఎక్కువసేపు నిలిచాను.

## పుట్టుక దశ

ఇదంతా నగరాల్లోని విద్యార్థులు మొదలుపెట్టిందే కదా?

సగమే నిజం. 1967 జూన్ 2న బెర్లిన్‌లో ఒక విద్యార్థి పోలీసు తూటాకు బలైన తర్వాత విద్యార్థి ఉద్యమం ఎగసిపడింది, ఆ తరం వాళ్లే తర్వాత గ్రీన్స్‌లో చాలామంది ఉన్నారు. అయితే ఉద్యమానికి తొలి గెలుపును ఇచ్చింది రైతులు. ఫ్రాన్స్ సరిహద్దున, రైన్ నది ఒడ్డున, వీల్ అనే ఊరి దగ్గర అణు విద్యుత్ కేంద్రం కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. పక్కనున్న కైజర్‌స్టూల్ గుట్టల్లో ద్రాక్ష తోటలున్నాయి. శీతలీకరణ గోపురాల నుంచి లేచే ఆవిరి పొగమంచులా కమ్మేస్తే ఎండ తగ్గి పంట పాడవుతుందని రైతులు భయపడ్డారు. వారికి మొదట కనిపించింది అణుధార్మికత కాదు, ఎండ. 1975 ఫిబ్రవరి 18న స్థలాన్ని ఆక్రమించారు, పోలీసులు నీటి ఫిరంగులతో ఖాళీ చేయించారు, ఐదు రోజుల తర్వాత ఇరవై ఎనిమిది వేల మంది దాకా వచ్చి మళ్లీ ఆక్రమించారు. అక్కడే అడవిలో కర్రలతో గుండ్రటి ఇల్లు ఒకటి కట్టి, అందులో ప్రజా విద్యాలయం నడిపారు. సరిహద్దుకు రెండు వైపులా ఒకే మాండలికం మాట్లాడేవాళ్లు కావడంతో ఫ్రాన్స్ వైపు రైతులు కూడా వచ్చి కూర్చున్నారు. ఆ కేంద్రం ఎన్నటికీ కట్టలేదు.

ఉద్యమం బాగానే నడుస్తుంటే ఎన్నికల్లోకి ఎందుకు దిగారు?

వీల్‌లో దొరికిన గెలుపు అన్నిచోట్లా దొరకలేదు. బ్రోక్‌డోర్ఫ్ వంటి చోట్ల ముళ్లకంచెలు, హెలికాప్టర్లు, లాఠీలు ఎదురయ్యాయి, అణు కేంద్రాన్ని మాత్రం చివరకు కట్టేశారు. అప్పుడు అధికారంలో ఉన్నది సోషల్ డెమోక్రాట్లు, ప్రతిపక్షంలో ఉన్నది క్రైస్తవ డెమోక్రాట్లు. అణుశక్తి విషయంలో ఇద్దరి మాటా ఒకటే కాబట్టి నిరసనకారులకు ఓటు వేయడానికి ఎవరూ మిగల్లేదు. వ్యవస్థల లోపలికి దీర్ఘయాత్ర చేయాలని విద్యార్థి నాయకుడు రూడీ డూచ్కె 1960ల చివర్లోనే అన్నాడు. 1979 జూన్‌లో జరిగిన యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో ఒక తాత్కాలిక కూటమిగా పోటీ చేస్తే 3.2 శాతం ఓట్లొచ్చాయి. ఒక్క సీటూ రాలేదు, కానీ అక్కడి చట్టం ప్రకారం వచ్చిన ఓట్లను బట్టి ప్రభుత్వం నుంచి ఎన్నికల ఖర్చు తిరిగొచ్చింది. ఆదర్శాల సంగతి అలా ఉంచితే, పార్టీ నిలదొక్కుకోవడానికి తొలి పెట్టుబడి ఆ డబ్బే. 1980 జనవరి 12, 13 తేదీల్లో కార్ల్స్‌రూహె నగరంలో పార్టీ ఏర్పడింది. డూచ్కె ఆ సభను చూడలేదు. 1968లో తగిలిన తూటా గాయాల ప్రభావంతో 1979 క్రిస్మస్ ముందు రోజున చనిపోయాడు.

గ్రీన్స్ వామపక్షమా, కుడిపక్షమా?

మొదటి రెండేళ్లు ఆ ప్రశ్నకు వాళ్లకే జవాబు తెలియదు. కార్ల్స్‌రూహె సభలో మావోయిస్టు బృందాల నుంచి వచ్చినవాళ్లు, చర్చి శాంతి బృందాలవాళ్లు, సేంద్రియ రైతులు, యోజెఫ్ బోయిస్ వంటి కళాకారులు పక్కపక్కనే కూర్చున్నారు. క్రైస్తవ డెమోక్రాట్ల పార్లమెంటు సభ్యుడిగా ఉండి 1978లో బయటకొచ్చిన హెర్బర్ట్ గ్రూల్ ఉన్నాడు, తూర్పు జర్మనీలో జైలు నుంచి విడుదలై వచ్చిన మార్క్సిస్టు రుడాల్ఫ్ బారో కూడా ఉన్నాడు. తాము ఎడమకూ కాదు, కుడికీ కాదు, ముందుకు అని చెప్పుకునేవారు. కార్యక్రమ పత్రం రాసే దగ్గరకొచ్చేసరికి ఎడమవైపు వాళ్ల మాటే నెగ్గింది. గ్రూల్ వెళ్లిపోయి వేరే పార్టీ పెట్టుకున్నాడు. 1985లో బారో కూడా వెళ్లిపోయాడు; జంతువుల మీద ప్రయోగాల విషయంలో పార్టీ రాజీపడిందన్నది అతని అభ్యంతరం.

## సూత్రాల దశ

ఆ నాలుగు మూలసూత్రాలు ఏమిటి?

పర్యావరణ దృష్టి, సామాజిక న్యాయం, కింది నుంచి నడిచే ప్రజాస్వామ్యం, అహింస. 1980 మార్చిలో జార్‌బ్రూకెన్ మహాసభలో ఆమోదించిన కార్యక్రమ పత్రానికి ఇవే నాలుగు స్తంభాలు. వీటిలో మొదటిదీ చివరిదీ ప్రజలకు సులువుగా అర్థమయ్యాయి. రెండవది అప్పటికే ఉన్న కార్మిక పార్టీల భాష. నిజంగా కొత్తది మూడవది. సమాజాన్ని మార్చాలనుకునే పార్టీ తన లోపలి నడతను ముందుగా మార్చుకోవాలని అది కోరింది, పార్టీలో తర్వాత వచ్చిన పెద్ద తగాదాల్లో సగానికి సగం దాని చుట్టూ తిరిగినవే.

పర్యావరణ దృష్టి అంటే కాలుష్యం తగ్గించడమే కదా, ఇందులో తీవ్రత ఏముంది?

పొగగొట్టానికి వడపోత బిగించడంతో సరిపెట్టుకునే ఆలోచన కాదది. పరిమితమైన భూమి మీద అపరిమితమైన ఆర్థిక వృద్ధి సాధ్యం కాదు గనుక, వృద్ధినే లక్ష్యంగా పెట్టుకున్న వ్యవస్థను మార్చాలన్నది వారి వాదన. వృద్ధికి హద్దులున్నాయని 1972లో క్లబ్ ఆఫ్ రోమ్ కోసం తయారైన నివేదిక, ఆ మరుసటి ఏడాది చమురు సంక్షోభం, ఆదివారాల్లో కార్లు లేక బోసిపోయిన జర్మనీ రహదారులు ఈ వాదనకు బలమిచ్చాయి. పెట్టుబడిదారీ దేశాలూ, తూర్పున సోషలిస్టు దేశాలూ ఒకే బొగ్గు పొగను పూజిస్తున్నాయని గ్రీన్స్ అనేవారు. వృద్ధి వద్దంటే కార్మికుల ఉద్యోగాల మాటేమిటన్న ప్రశ్నకు పనిగంటలు తగ్గించి ఉన్న పనిని పంచుకోవాలని జవాబిచ్చి, వారానికి 35 గంటల పనిని కోరారు. ఆ జవాబు కార్మిక సంఘాల సభ్యులను పార్టీలోకి పెద్ద సంఖ్యలో తేలేదన్నది వేరే సంగతి.

అహింసను గాంధీ నుంచే తీసుకున్నారా?

కొంతవరకు అవును. పార్టీ వ్యవస్థాపకుల్లో ఒకరైన పెట్రా కెల్లీ 1960ల్లో వాషింగ్టన్‌లో చదువుకుంది. అక్కడి పౌరహక్కుల ఉద్యమం ద్వారా, మార్టిన్ లూథర్ కింగ్ ద్వారా ఆమె గాంధీ దగ్గరకు చేరింది. అంటే దండి తీరం నుంచి బయలుదేరిన ఆలోచన అమెరికా మీదుగా జర్మనీకి వెళ్లింది. 1983 సెప్టెంబరులో ముట్లాంగెన్‌లోని అమెరికా క్షిపణి స్థావరం ముందు నోబెల్ గ్రహీత హైన్‌రిష్ బోల్ సహా ఎందరో రోడ్డు మీద కూర్చుని దారి మూశారు. అయితే పార్టీలో అందరూ కెల్లీలు కారు. పోలీసుల మీద రాళ్లు రువ్విన గతం ఉన్నవాళ్లూ ఉన్నారు, ఆస్తిని ధ్వంసం చేయడం హింస అవుతుందా కాదా అని రాత్రుళ్లు తెల్లవార్లూ వాదించుకున్నారు.

కింది నుంచి నడిచే ప్రజాస్వామ్యం ఆచరణలో ఎలా ఉండేది?

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మిషెల్స్ 1911లోనే ఒక మాట చెప్పాడు: ఎంత ప్రజాస్వామిక లక్ష్యాలున్న పార్టీ అయినా పెరిగేకొద్దీ కొద్దిమంది నాయకుల చేతిలో చిక్కుతుంది. ఆ నియమాన్ని ఓడించడానికే గ్రీన్స్ నిబంధనలు రాసుకున్నారు. మొదటిది, రొటేషన్: నాలుగేళ్ల పదవీకాలంలో రెండేళ్లు ఒకరు, మిగతా రెండేళ్లు పార్టీ అభ్యర్థుల జాబితాలో తర్వాత ఉన్న మరొకరు. మొదటి రెండేళ్లు ఈ రెండో వ్యక్తి అదే కార్యాలయంలో సహాయకుడిగా పనిచేస్తూ పని నేర్చుకోవాలి. రెండవది, జీతం: నైపుణ్యమున్న కార్మికుడికి ఎంత వస్తుందో సభ్యుడు అంతే ఉంచుకుని, మిగతాది పర్యావరణ నిధికి ఇవ్వాలి, ఆ నిధి చిన్న చిన్న పౌర బృందాలకు సాయం చేసేది. మూడవది, పార్టీ పదవి ఉన్నవాళ్లు సభలో కూర్చోకూడదు, సభలో ఉన్నవాళ్లు పార్టీ పదవి పట్టకూడదు. అధ్యక్షుడు అనే పదమే లేదు. ప్రతినిధులే ఉండేవారు, అదీ ఒకరు కాదు, ఇద్దరో ముగ్గురో. కార్యవర్గ సమావేశాలు సామాన్య సభ్యులందరికీ తెరిచి ఉండేవి.

## సభలో అడుగుపెట్టిన దశ

1983లో వాళ్లు పార్లమెంటుకు వెళ్లిన రోజు అంతగా గుర్తుండిపోవడానికి కారణమేమిటి?

1983 మార్చి 6 ఎన్నికల్లో 5.6 శాతం ఓట్లు, 27 సీట్లు వచ్చాయి. పశ్చిమ బెర్లిన్ ప్రతినిధితో కలిపి 28. మార్చి 29న అప్పటి రాజధాని బాన్ నగర వీధుల్లో ఊరేగింపుగా నడిచి, స్వెట్టర్లతో, కుండీల్లో మొక్కలతో, ఆమ్ల వర్షాలకు ఎండిపోయిన ఫిర్ కొమ్మతో సభలోకి వచ్చారు. ముదురు రంగు సూట్ల మధ్య ఆ దృశ్యం ఫొటోల్లో బాగా పడింది. నన్నడిగితే అంతకన్నా గుర్తుంచుకోవలసింది అదే ఏడాది మే నెలలో గ్రీన్స్ సభ్యురాలు వాల్ట్‌రౌట్ షోపె చేసిన ప్రసంగం. వివాహ బంధంలో జరిగే అత్యాచారాన్ని నేరంగా గుర్తించాలని, సభలోనే నిత్యం కనిపించే స్త్రీ ద్వేషాన్ని ఆపాలని ఆమె అంటుంటే పురుష సభ్యులు పగలబడి నవ్వారు. ఆ నేరం చట్టంలోకి ఎక్కడానికి 1997 దాకా పట్టింది.

రొటేషన్ పద్ధతి ఎందుకు నిలవలేదు?

మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, చట్టం: జర్మనీ రాజ్యాంగంలోని 38వ అధికరణం ప్రకారం సభ్యుడు తన అంతరాత్మకే కట్టుబడి ఉండాలి, పార్టీ ఎవరినీ రాజీనామా చేయించలేదు. 1985లో పెట్రా కెల్లీ దిగిపోనని చెప్పింది, పార్టీ ఏమీ చేయలేకపోయింది. మాజీ సైనిక జనరల్ గెర్ట్ బాస్టియాన్ అంతకు ముందు ఏడాదే పార్టీ సభాపక్షాన్ని వదిలాడు. రెండవది, పని: బడ్జెట్ కమిటీలో ఏ కాగితంలో ఏముందో తెలిసేసరికే రెండేళ్లు గడిచేవి, తెలిసినవాడు వెళ్లి తెలియనివాడు కూర్చునేవాడు, అధికారులు నవ్వుకునేవారు. మూడవది, నా లెక్కలో అసలుది: రొటేషన్ వల్ల లాభపడే వర్గమంటూ పార్టీలో బలంగా లేదు. రెండో విడతలో వచ్చినవాడు కూడా సీట్లో కూర్చున్న మర్నాటి నుంచి ఆ నియమాన్ని ఇష్టపడడు. మరో గ్రీన్స్ సభ్యుడు యోష్కా ఫిషర్ 1985 మార్చిలో బుద్ధిగా దిగిపోయాడు; అదే ఏడాది డిసెంబరు 12న హెస్సె రాష్ట్రంలో మంత్రిగా, తెల్ల టెన్నిస్ బూట్లతో ప్రమాణం చేశాడు. రెండేళ్ల నియమం పార్లమెంటు నుంచి దించగలిగింది గానీ నాయకత్వం నుంచి దించలేకపోయింది.

మహిళల కోటా మాత్రం ఎలా నిలిచింది?

1984లో సభాపక్ష నాయకత్వమంతా ఆరుగురు మహిళలకే దక్కింది. 1986లో రాసుకున్న మహిళా నిబంధనావళి ప్రకారం జాబితాలో కనీసం సగం మంది మహిళలుండాలి, బేసి సంఖ్య స్థానాలు వాళ్లవే కావాలి. మొదటి స్థానం బేసి సంఖ్య అన్నది చిన్న వివరంలా కనిపిస్తుంది గానీ కిటుకంతా అక్కడే ఉంది. ఆ అమరిక లేకపోతే జాబితా అడుగున గెలవని స్థానాల్లో పేర్లు చేర్చి సగమైపోయిందనే వీలుండేది. మాట్లాడేవారి వరుసలో కూడా స్త్రీ, పురుషుడు ఒకరి తర్వాత ఒకరు రావాలి. ఈ నియమాన్ని కాపాడుకోవడానికి పార్టీలోని మహిళలు సిద్ధంగా ఉన్నారు, అందుకే ఏ మహాసభలోనూ దాన్ని కదిలించలేకపోయారు. పైగా అది బయటికీ పాకింది. సోషల్ డెమోక్రాట్లు 1988లో కోటా పెట్టుకున్నారు, క్రైస్తవ డెమోక్రాట్లు 1996లో మూడో వంతుకు ఒప్పుకున్నారు. 1983లో పార్లమెంటులో పది శాతానికి లోపే ఉన్న మహిళలు 1987 ఎన్నికలతో పదిహేను శాతం దాటారు.

ఫుండీలు, రెయాలోలు అంటే ఎవరు?

సూత్రం విషయంలో రాజీ కూడదన్నవాళ్లు ఫుండీలు, కూటమిలో చేరి సాధించగలిగినంత సాధిద్దామన్నవాళ్లు రెయాలోలు. యుట్టా డిట్‌ఫుర్ట్ మొదటి వర్గానికి, ఫిషర్ రెండో వర్గానికి ముఖాలు. హెస్సెలో సోషల్ డెమోక్రాట్లతో కట్టిన కూటమి పద్నాలుగు నెలలకే అణు ఇంధన కర్మాగారానికి అనుమతి విషయంలో కూలిపోయింది. ఇద్దరూ అది తమ వాదనకే రుజువన్నారు. 1991లో పార్టీ నిర్మాణాన్ని మార్చినప్పుడు డిట్‌ఫుర్ట్ బయటికి వెళ్లిపోయింది.

ఈ తెరిచిన తలుపుల పద్ధతి వల్ల చెడు ఏమీ జరగలేదా?

జరిగింది, చెప్పకుండా దాటవేయడం సరికాదు. అణచివేతకు గురైన ఏ బృందం అడిగినా కార్యక్రమంలో చేర్చాలన్న ఉత్సాహంలో, 1980ల తొలి ఏళ్లలో పిల్లలతో లైంగిక సంబంధాలను నేరంగా చూడకూడదనే వాదన చేసినవాళ్లకు పార్టీలో చోటు దొరికింది. 1985లో ఒక రాష్ట్ర శాఖ పత్రంలోకి కూడా అది ఎక్కింది. దశాబ్దాల తర్వాత పార్టీయే ఒక విశ్వవిద్యాలయ పరిశోధక బృందానికి తన దస్తావేజులను అప్పగించి, 2014లో నివేదిక వచ్చాక బాధితులకు క్షమాపణ చెప్పింది. అందరి మాటా వినడం వేరు, విన్న ప్రతి మాటకూ పార్టీ ముద్ర వేయడం వేరు. ఆ తేడాను ఎవరు నిర్ణయించాలో వారి నిబంధనల్లో ఎక్కడా లేదు.

## అధికార దశ

రెండు జర్మనీలు కలిసినప్పుడు గ్రీన్స్ ఎందుకు ఓడిపోయారు?

1990 ఎన్నికల్లో దేశమంతా ఏకీకరణ గురించి మాట్లాడుతుంటే, వాళ్లు ప్రచారంలో తాము వాతావరణం గురించి మాట్లాడతామన్నారు. పశ్చిమాన 4.8 శాతంతో, సభలో సీట్లు రావాలంటే దాటాల్సిన ఐదు శాతం గడపకు ఇవతలే ఆగిపోయారు. తూర్పు జర్మనీ నిరంకుశత్వాన్ని ఎదిరించిన పౌర బృందాల కూటమి మాత్రం అక్కడ ఎనిమిది సీట్లు గెలిచింది. 1993లో రెండూ కలిసి ఒక పార్టీ అయ్యాయి. వాతావరణ మార్పు గురించి ఆనాడు వాళ్లు చెప్పింది ముప్పై ఏళ్లు ముందుగా చెప్పారన్నది ఇప్పుడు తెలుస్తోంది, ఓట్ల లెక్కలో దానికి విలువ లేదు.

అహింసా పార్టీ కొసోవో యుద్ధాన్ని ఎలా సమర్థించింది?

1998లో సోషల్ డెమోక్రాట్లతో కలిసి కేంద్రంలో అధికారానికి వచ్చారు, ఫిషర్ విదేశాంగ మంత్రి అయ్యాడు. కొద్ది నెలల్లోనే, కొసోవో ప్రాంతంలో అల్బేనియన్ల మీద జరుగుతున్న హింసను ఆపాలంటూ యుగోస్లావియా మీద నాటో వైమానిక దాడులు మొదలయ్యాయి. 1999 మే 13న బీలెఫెల్డ్ ప్రత్యేక మహాసభలో ఫిషర్ మీదికి ఎర్ర రంగు సంచి విసిరారు, అతని చెవి కర్ణభేరి దెబ్బతింది. ఎర్రబారిన కోటుతోనే అతను మాట్లాడాడు. మళ్లీ యుద్ధం వద్దన్నదీ, మళ్లీ ఆష్విట్జ్ (నాజీల మారణ శిబిరం) వద్దన్నదీ తాను నేర్చుకున్న రెండు పాఠాలని చెప్పాడు. సభ మెజారిటీతో అతని వైపు నిలిచింది. రెండు పాఠాలు ఢీకొన్నప్పుడు ఏది ముందో 1980 పత్రంలో రాసి లేదు. కెల్లీ ఉంటే ఏమనేదో అని ఇప్పటికీ అడుగుతారు. ఆమె 1992లో తన సహచరుడు బాస్టియాన్ తుపాకీకి బలైంది.

అణు కేంద్రాలన్నీ మూతపడ్డాయి కదా, వాళ్లు గెలిచినట్టేనా?

ఈ ఒక్క విషయంలో గెలిచారనే చెప్పాలి. 2000 జూన్‌లో విద్యుత్ సంస్థలతో ఒప్పందం, 2002లో చట్టం. తర్వాతి ప్రభుత్వం 2010లో గడువు పొడిగించినా, 2011లో ఫుకుషిమా ప్రమాదంతో అదే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. చివరి మూడు రియాక్టర్లు 2023 ఏప్రిల్ 15న ఆగిపోయాయి. వీల్ ఉన్న రాష్ట్రంలోనే 2011లో గ్రీన్స్ నాయకుడు విన్‌ఫ్రీడ్ క్రెచ్‌మాన్ ముఖ్యమంత్రి అయ్యాడు. పునరుత్పాదక విద్యుత్తుకు ఇరవై ఏళ్లపాటు స్థిరమైన ధర హామీ ఇచ్చే 2000 నాటి చట్టం కూడా వాళ్ల పనే. అప్పట్లో విద్యుత్తులో ఆరు శాతంగా ఉన్న వాటా 2023 నాటికి సగం దాటింది. మరోవైపు, 2023 జనవరిలో ల్యుట్సెరాట్ అనే పల్లెను బొగ్గు గని కోసం ఖాళీ చేయించినప్పుడు ఆ ఒప్పందం మీద సంతకం గ్రీన్ మంత్రులదే, బురదలో కూర్చుని నిరసన తెలిపిన యువతలో చాలామంది వాళ్ల ఓటర్లే. ఇక వృద్ధిని ఆపాలన్న మొదటి వాదన ప్రభుత్వంలో ఉన్నప్పుడు గ్రీన్స్ నోట వినబడలేదు.

జర్మనీలో చదివే మన పిల్లలు సీసాలు దాచుకుని దుకాణానికి పట్టుకెళ్తారు, దానికీ వీళ్లకూ సంబంధముందా?

ఉంది. ఒకసారి వాడి పారేసే డబ్బాలు, సీసాల మీద తప్పనిసరి డిపాజిట్ 2003 జనవరి 1న అమల్లోకి వచ్చింది, అప్పటి పర్యావరణ మంత్రి గ్రీన్స్‌కు చెందిన యుర్గెన్ ట్రిట్టిన్. చట్టానికి పునాది అంతకు ముందు ప్రభుత్వంలోనే పడినా, పరిశ్రమ వేసిన కేసులను తట్టుకుని అమలు చేసింది ఆయనే. హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో వెళ్లిన విద్యార్థి నెలాఖరులో సంచీ నిండా ఖాళీ సీసాలు మోసుకెళ్లి, దుకాణం గోడలోని గుండ్రటి రంధ్రంలో ఒక్కొక్కటే పెడితే, యంత్రం దాన్ని తిప్పి చూసి లోపలికి లాక్కుంటుంది. సీసాకు 25 సెంట్లు. చివర్లో వచ్చే చీటీని గల్లాపెట్టె దగ్గరిస్తే పాలు, బియ్యం ఖర్చులో ఆ మేరకు తగ్గుతుంది. సమాజాన్ని వేళ్లతో మార్చాలన్న పత్రంలోంచి ఒక పరాయి దేశపు విద్యార్థి చేతికి నేరుగా అందిన భాగం ఆ చీటీయే.

ఇవే సూత్రాలతో మన దగ్గర పార్టీ పెడితే నడుస్తుందా?

సూత్రాల మాట ఎలా ఉన్నా, నిబంధనలు నడవవు. అక్కడ సభ్యుడు రాజీనామా చేస్తే జాబితాలో తర్వాతి వ్యక్తి సభలోకి వస్తాడు. మన దగ్గర ఉప ఎన్నిక వస్తుంది. కాబట్టి రెండేళ్లకోసారి మారాలనుకుంటే రెండేళ్లకోసారి ప్రచారం చేసుకోవాలి. ఓట్ల లెక్క కూడా వేరు. అక్కడ ఐదు శాతం దాటితే సీట్లు ఆ నిష్పత్తిలో వస్తాయి, ఇక్కడ నియోజకవర్గంలో మొదటి స్థానంలో నిలిస్తేనే సీటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009 ఎన్నికల్లో రాష్ట్రమంతా పోటీ చేసిన లోక్‌సత్తాకు కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ ఒక్కరే దక్కారు. జర్మనీ గ్రీన్స్ కూడా నియోజకవర్గ సీట్ల మీదే ఆధారపడి ఉంటే 1983లో ఒక్కరు కూడా సభలోకి వచ్చేవారు కాదు. పార్లమెంటుకు వారు నేరుగా గెలిచిన తొలి నియోజకవర్గం బెర్లిన్‌లోనిది. హాన్స్ క్రిస్టియాన్ ష్ట్రోబెలె దాన్ని గెలిచింది 2002లో.